అత్తయ్య చెప్పిన తమిళ సినిమా

ఎనభైల చివర్లో అడిలైడ్‌లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు అరడజను ఉండేవేమో. నెలకో శనివారం మధ్యాహ్నం ఒకరింట్లో ప్రార్థన, తర్వాత భోజనం, ఆపైన వీడియో. ప్రార్థనకు ఆలస్యమైనవాళ్లు కూడా వీడియోకి ఠంచనుగా వచ్చేవాళ్లు. అబద్ధమెందుకు, వాళ్లలో నేనే మొదటిదాన్ని.

ఆ శనివారం వంతు మాది. తెలుగు క్యాసెట్ దొరక్క, పక్కింటి తమిళావిడ తెచ్చిందే పెట్టాం. పాటల్లేవు, ఫైట్లు లేవు, పేరున్న నటుడు ఒక్కడూ లేడు. ఒకే ఇల్లు, ఒక ముసలమ్మ, కొడుకు, కోడలు. కాపీకి కాపీ తీసిన క్యాసెట్, మొహాలు కూడా సరిగ్గా ఆనడం లేదు.

"ఇదేం సినిమారా బాబూ! బార్బెక్యూ పెట్టుకున్నా బాగుండేది" అని మా ఆయన గొణిగాడు.

మాతోపాటే కూర్చున్న తమిళావిడకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం అంతంతమాత్రం. అప్పుడు మూల కుర్చీలోంచి మా అత్తయ్య, "నేను చెబుతాలే" అంది. వాళ్ల నాన్నది రైల్వే ఉద్యోగం కావడంతో పెళ్లయ్యేదాకా తమిళనాట అరక్కోణంలో పెరిగిన మనిషి. ఆ సంగతే నాకు గుర్తులేదు.

ఇక చూడాలి! మా ఇంటికొచ్చిన ఆరు నెలల్లో గట్టిగా నాలుగు మాటలాడని మనిషి, ముసలమ్మకో గొంతు, కొడుక్కో గొంతు, కోడలికి అచ్చం నా గొంతు పెట్టి చెబుతోంది. పిల్లలు ఆటలు మానేసి ఆవిడ కాళ్ల దగ్గర చేరి, "దెన్ వాట్, నానమ్మా?" అని అడుగుతున్నారు. నేనైతే సినిమా వదిలేసి నోరు తెరుచుకుని ఆవిడనే చూశాను.

కానీ ఆవిడను వృద్ధాశ్రమంలో చేర్చాలని మేం అప్పటికే నిర్ణయించుకున్నాం. ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు. ఆవిడేమో రెండుసార్లు స్టవ్ ఆపడం మర్చిపోయింది. సోమవారం వెళ్లి సంతకాలు పెట్టాలి. ఆవిడకు చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు.

సినిమాలో కొడుకు తల్లి పెట్టె సర్ది గుమ్మంలో పెట్టాడు. నేను టీవీ మీంచి చూపు తిప్పేసుకున్నాను. ముసలమ్మ వాడి చేతులు పట్టుకుని ఏదో అంది. అత్తయ్య కాస్త ఆగి, నా వైపోసారి చూసింది.

"'నేనే వెళతానయ్యా, అక్కడ నాకు బాగానే ఉంటుంది, మీరు దిగులు పడబాకండి' అంటోంది" అని చెప్పింది.

హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

అందరూ వెళ్లాక తమిళావిడ గుమ్మం దగ్గర ఆగింది. "సిస్టర్, ఆంటీ అక్కడ మార్చి చెప్పింది. ఆ ముసలమ్మ వెళతా అనలేదు. నన్ను పంపొద్దు అని ఏడ్చింది" అంది.

వంటింట్లో అత్తయ్య కప్పులు కడుగుతోంది.

"అట్లా ఎందుకు చెప్పారు అత్తయ్యా?"

"నీ మొహం చూశానమ్మాయ్, నెత్తురు చుక్క లేదు. అంతమందిలో నా కోడలు తల దించుకోవాలా?"

అంటే ఆవిడకు అంతా తెలుసు. తెలిసీ, తనను పంపించేయబోతున్న నన్నే కాపాడింది! ఇంత మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, నేను చూసిందల్లా ఆపని స్టవ్వేనా!

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇప్పుడెవరూ లేరుగా. ఆవిడ అన్నది అన్నట్టే చెబుతా, విను" అంది. "నన్ను పంపించబాకమ్మా."