చింతపండు ముందు క్లారినెట్

బుడన్‌బీ నాయన మున్వర్‌కు హిందూపురం బ్యాండుసెట్లలో మంచి పేరుండేది. క్లారినెట్ నేర్చుకోమని ఆయన కొడుకును బతిమాలాడు. కూతురు తనంతట తానే చెయ్యి చాపితే మాత్రం ఆ చేతి మీదే కొట్టాడు. "ఆడబిడ్డవి, దాన్ని నోట్లో పెట్టుకుంటావా?" అన్నాడు. కొడుకు దానివైపు కన్నెత్తి చూడలేదు, నాయన పోయాక అటక మీదికి తోసేశాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఆకలి లేనివాడికి విస్తరి వేసి, ఆకలిగా ఉన్న పిల్లను గడప బయట నిలబెట్టారు.

ఆ పిల్ల చింతపండు మండీలో పనికి చేరి పెంకులు ఒలిచీ, గింజలు కొట్టీ పెద్దదైంది. నలభై దాటాక ఒకరోజు అటకెక్కి ఆ క్లారినెట్ పెట్టె దింపింది. పెనుకొండలో ఉన్న ఎర్రిస్వామి దగ్గరికి బస్సెక్కింది. ఆయన ఒకప్పుడు మున్వర్ పక్కన నిలబడి వాయించినవాడు.

మొదటి రోజు ఆమె బుగ్గలు పూరించి బలంగా ఊదింది. క్లారినెట్ కీచుమంది.

"ఏమ్మే, పొయ్యి ఊదుతాండావా?" అన్నాడు ఎర్రిస్వామి. "ఇది మీ వంటింట్లో ఊదుగొట్టం కాదు. గాలి పొట్టలోనుంచి రావాల."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె ఊదింది ఊదుగొట్టం ఒక్కటే మరి! ఆ అలవాటు వదిలించుకోవడానికే ఆమెకు నెలలు పట్టింది. కింది పెదవి పళ్ళకు నలిగి, కారం తగిలితే మండిపోయేది.

వీధిలో వాళ్ళకు ఇదంతా తమాషాగా ఉండేది. "మొక్కై వంగనిది మానై వంగుతాదా?" అన్నారు. బుడన్‌బీకి ఒళ్ళు మండింది. వంగుతానని వచ్చిన మొక్కను చేతి మీద కొట్టింది ఎవరో వీళ్ళకు తెలియదా? ఆ రోజు నోరెత్తని పెద్దమనుషులు ఇప్పుడు సామెతలు చెప్పడానికి తయారయ్యారు.

చివరికి పాటలు పట్టుబడ్డాక ఎర్రిస్వామి ఆమెను బ్యాండుసెట్టు యజమాని గంగాధర దగ్గరికి తీసుకుపోయాడు.

"ఆడమనిషి ముందర నడిచి ఊదితే మర్యాదస్తులు పిలుస్తారా స్వామన్నా?" అన్నాడు గంగాధర. ముసలాయన మొహం చూసి తగ్గాడు. "సరేలే, ధర్మవరం పెండ్లిలో ఒక్క పాట ఊదనీ. మధ్యలో ఆగిందా, మళ్ళా నా దగ్గర ఈ మాట ఎత్తగూడదు."

ధర్మవరంలో పెళ్ళి మెరవణి వీధుల్లో ఊరేగింపుగా బయలుదేరింది. బుడన్‌బీ క్లారినెట్ మూతికి బిగించిన రెల్లుబద్ద రీడు తడుపుకుని పాట ఎత్తుకుంది. అప్పుడు గంగాధర ఆమెకు ఎదురుగా వచ్చి, వెనక్కి నడుస్తూ, ఉప్పూకారం అద్దిన చింతపండు ముద్దను చప్పరించడం మొదలుపెట్టాడు. ఊదేవాళ్ళ ముందు పులుపు తిని, నోట్లో నీళ్ళూరించి పాట ఆపించడం ఆకతాయిలు ఎప్పుడూ చేసే పనే. దాన్ని బ్యాండుసెట్టు యజమానే చేస్తున్నాడు! ఆమె ఆగితే పాట అందుకోవడానికి మరో మనిషిని కూడా తెచ్చుకున్నాడు. జనం సంగతి కనిపెట్టి నవ్వారు. పక్కన ఎర్రిస్వామి నోరూరి గుటకలు మింగాడు.

బుడన్‌బీ కళ్ళు ఎర్రబడ్డాయి. పాట బాగాలేదంటే దిద్దుకునేది. ఇదేం మగతనం? ఆమె ఏం పని చేసి బతుకుతుందో ఒక్కసారైనా అడిగి ఉంటే ఆయన ఈ తెలివితక్కువ పని చేసేవాడు కాదు. చిన్నప్పటి నుంచి ఆమె గోళ్ళలో, చీర చెంగులో, తినే ముద్దలో ఆ పులుపే. దానికి ఆమె నోరు ఊరడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆమె ఆయన మొహంలోకే చూస్తూ పాట పూర్తి చేసింది. ఆగకుండా ఇంకోటి ఎత్తుకుంది. చప్పరించి చప్పరించి గంగాధరకే పళ్ళు పులిశాయి.

కల్యాణమంటపం దగ్గర ఆయన ముద్ద చేత్తో పట్టుకునే వచ్చాడు. "రక్తం యాడికి పోతాది? మీ నాయన పేరు నిలబెట్టినావు. రేపు మన హిందూపురంలో పెండ్లి ఉండాది, రామ్మా."

ఇంతసేపూ పంటి బిగువున పట్టిన కోపం అప్పుడు బయటపడింది.

"మా నాయన నాకు నేర్పించలా, చేతి మీద కొట్టినాడు. నేర్పింది ఈ ఎర్రిస్వామి మామ. నేర్చుకునింది నేను. రేపు పెండ్లికి వస్తాను, అడిగినోళ్ళకు నా పేరు చెప్పు."

ఆయన చేతిలో మిగిలిన చింతపండు లాక్కుని, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలి మింగింది. రీడు తుడుచుకుని మళ్ళీ ముందు వరసలోకి నడిచింది.