అత్తయ్య స్టాంపుల్ని నేను ఎండలో పెట్టిన రోజు

మొన్న మా పక్క ఫ్లాటులోకి కొత్తగా దిగిన అమ్మాయి, గ్రీటింగ్ కార్డుల మీద బొమ్మలు అద్దుకునే మెత్తటి పారదర్శకపు స్టాంపుల్ని కడిగి, పళ్లెంలో పరిచి బాల్కనీ ఎండలో పెట్టింది. ఆ అపార్ట్‌మెంటులో నాలుగేళ్లుగా ఎవరి తలుపూ తట్టని నేను గబగబా వెళ్లి, వాటిని నీడలో ఆరబెట్టుకోమ్మా అని చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి వింతగా చూసింది. ఎందుకు వెళ్లానో మీకు చెబుతాను.

రెండువేల అయిదారు ప్రాంతంలో ఇబ్రహీంపట్నంలో గుమస్తా ఉద్యోగం చేస్తూ, పటమటలో ఒంటరిగా ఉంటున్న మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. రైల్వేలో పనిచేసిన మామయ్య పోయి అప్పటికి మూడేళ్లు. పిల్లలు లేరు. నాకూ ఊళ్లో స్నేహితులు లేరు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం, రోజుకు పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాత్రం అత్తయ్య స్టాంపుల డబ్బాలు బయటికి తీసేది. సింగపూరులో నర్సుగా ఉన్న ఆడబిడ్డ ఎప్పుడో పంపినవి. గోరువెచ్చటి నీళ్లలో ఒక్క చుక్క షాంపూ వేసి, పాత టూత్‌బ్రష్‌తో సుతారంగా రుద్ది, నూలుగుడ్డ మీద నీడన ఆరబెట్టేది. ఇంకు మరక మిగిలినా ఫరవాలేదు కానీ దుమ్ము ఉంటే అద్దేటప్పుడు చేత్తో పట్టుకునే ప్లాస్టిక్ దిమ్మకు అంటుకోవని చెప్పేది. ఆరాక ప్లాస్టిక్ షీటు మీద అతికించి ఖాళీ సీడీ డబ్బాల్లో దాచేది. పువ్వులకొకటి, నక్షత్రాలకొకటి, ఇంగ్లీషు అక్షరాలకొకటి. ఆ అక్షరాలతోనే ఏటా క్రిస్మస్‌కు, మామయ్య బదిలీల మీద తిరిగిన ఊళ్లలోని పాత స్నేహితులందరికీ పంపే కార్డుల కింద తన పేరూ ఆయన పేరూ కలిపి అద్దేది. అలా ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఒక మే నెలలో ఎవరిదో పెళ్లికని ఆవిడ గుడివాడ వెళ్లినప్పుడు, వచ్చేసరికి సంతోషపెడదామని అన్నీ కడిగి, త్వరగా ఆరతాయని స్టీలు పళ్లెంలో డాబా మీద పెట్టి, అన్నం తిని నిద్రపోయాను. లేచి వెళ్లేసరికి అక్షరాలు వంకర్లు తిరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీయబోతే చాలావరకు తెగిపోయాయి.

అత్తయ్య వచ్చి చూసి ఒక్క మాటా అనకుండా మిగిలినవాటిని డబ్బాలో పెట్టేసింది. అంతకుముందూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు కనుక, అది కోపమో కాదో తెలియక నెలల తరబడి నలిగిపోయాను.

డిసెంబరులో కార్డుల ముందు కూర్చున్నప్పుడు, మిగిలిన అక్షరాలతో ఆవిడ పేరు వచ్చింది, మామయ్య పేరు రాలేదు. నేను వన్ టౌన్ వెళ్లి బంగారు రంగు పెన్ను కొనుక్కొచ్చి, ఆయన పేరు చేత్తో రాస్తానన్నాను.

ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుని పక్కన పెట్టి, "వద్దులే అమ్మాయ్. ఆయన లేడని నేనే వాళ్లెవరికీ చెప్పలేదు. ఈసారి నా పేరొక్కటే వెయ్యి" అంది.

నేనే వేశాను. అక్షరాలు వంకరగా పడి మొదటి రెండు కార్డులు పాడయ్యాయి.

జనవరిలో ఉత్తరాలు వచ్చాయి. ఒంటి పేరు చూసి సంగతి గ్రహించిన ఒకావిడ ఒంగోలు నుంచి బయల్దేరి వచ్చి వారం రోజులు ఉంది. ఆ వారంలోనే మా అత్తయ్య ఏడవడం మొదటిసారి చూశాను. మామయ్య గురక గురించి చెప్పి నవ్వడం కూడా. ఆ ఏడే నాకు బదిలీ అయింది; తర్వాత కొన్నాళ్లకు అత్తయ్యా పోయింది.

ఇప్పుడు పండగ రోజున నా ఫోను తెల్లవారిన దగ్గర్నుంచీ మోగుతూనే ఉంటుంది. ఒకే బొమ్మ పదిమంది పంపుతారు, నేనూ దాన్నే ఇంకో పదిమందికి పంపుతాను. ఎవరింట్లో మనిషి తగ్గినా ఆ బొమ్మలు చూస్తే తెలియదు. బయల్దేరి రావడానికి ఎవరికీ ఏ ఆధారమూ ఉండదు.