తుప్పల్లో మురళి బండి

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. ఢిల్లీ జనక్‌పురిలో మా పక్కింటి ఆంటీ గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడుతుంటే నవ్వుకునేవాణ్ణి. ఇప్పటికీ నమ్మననే అంటాను. కానీ మా ఆఫీసులో పట్టపగలు, పదిమంది ముందు జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నోయిడాలో యుద్ధాల వీడియో గేములు చేసే కంపెనీ మాది. నేనూ నా రూమ్మేట్ మురళీ ఒకే టీము. రెండో ప్రపంచ యుద్ధంనాటి జర్మన్ సైన్యమంటే వాడికి అసహ్యం, శత్రు ట్యాంకుల్ని వేటాడే వాళ్ల ట్యాంకు డిస్ట్రాయర్లంటే మాత్రం పిచ్చి. మామూలు ట్యాంకుకున్నట్టు పైన తిరిగే భాగం వాటికి ఉండదు. గురి బాగా మార్చాలంటే బండి మొత్తం తిరగాలి. వెనక నుంచి వస్తే చిక్కిపోతుంది. మరి అన్ని ట్యాంకుల్ని ఎలా కూల్చాయిరా అంటే, "బండి కాదురా, లోపలున్న నలుగురి ఓపిక" అనేవాడు. పొట్టి బండిని తుప్పల్లో దాచి, ముందొచ్చినవాటిని పోనిచ్చి, కావలసిన ట్యాంకు తన పక్కభాగం చూపించేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లట. ఆ ఓపికనే నెలల తరబడి కూర్చుని గేములోకి ఎక్కించాడు.

మా మేనేజర్ ప్రభాకర్‌ది తెనాలి. ఢిల్లీలో మనవాడు దొరికాడని మురళి ఆయన్ని సార్ అనకుండా అన్నా అని పిలిచేవాడు. ఆయన అడగ్గానే తన పనంతా ఆయన చేతిలో పెట్టేశాడు. ఆయన దాన్ని తన పేరుతో పైవాళ్లకు చూపించి, పని రాదంటూ మురళిని తీసేశాడు. కొన్నాళ్లకే మురళి డెంగీతో పోయాడు. గేములో తన పేరు ఒక్కటి వేస్తే చాలని ఆసుపత్రి మంచం మీద కూడా అదే గోల. సంతాపసభలో ప్రభాకర్ కన్నీళ్లు పెట్టుకుంటుంటే నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది.

తర్వాత గేము కొనేవాళ్ల ముందు డెమో పెట్టారు. ప్రభాకర్‌తో సహా తలా ఒక ట్యాంకు నడుపుతున్నాం. తుప్పల్లో కంప్యూటరే నడిపే మురళి బండి మమ్మల్నందరినీ పోనిచ్చింది. ప్రభాకర్ ట్యాంకు రాగానే మొత్తం అటు తిరిగి పేల్చింది. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ ఆయన్నే. ఆయన నా సీట్లో కూర్చుని నా ట్యాంకు నడిపాడు. అయినా ఆయన్నే. చివరికి ఆ బండిని నా చేత్తో నేనే మ్యాపులోంచి తీసేశాను. తుప్పలు కదిలాయి. ఫిరంగి గొట్టం బయటికొచ్చింది.

నా కడుపు ఎంత చల్లబడిందో చెప్పలేను. కొట్టరా మురళీ, ఇంకా కొట్టు అని లోపల్లోపల అరిచాను.

ప్రభాకర్ చొక్కా చెమటకు తడిసిపోయింది. ఇది చేసిన మనిషినే పిలిచి బాగుచేయించమని కొనేవాళ్లలో ఒకాయన విసుక్కున్నాడు. ప్రభాకర్ తెరవైపే చూస్తూ నోరు తెరిచాడు.

"మురళీ నే బనాయా థా, సార్. అంతా మురళి చేసిందే. నాది కాదు."

గొట్టం ఆయన ట్యాంకు మీదికి గురిపెట్టే ఉంది. పేల్చలేదు. బండి మెల్లగా వెనక్కి, తుప్పల్లోకి వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు.

కోడంతా నేనే తిరగేశాను. ఆడేది ఎవరో గుర్తుపట్టే లైను ఒక్కటీ లేదు. గేములో ఇప్పుడు మురళి పేరే వస్తోంది. వాడికి అది చాలింది కాబోలు, వదిలేశాడు. ఆ ఫిరంగి దగ్గర నేను కూర్చుని ఉంటే వదిలేవాణ్ణి కాదు.