రెండో బండి చప్పుడు

పక్కింటి పెద్దమ్మ పోయిందని నాకు ఫోన్లో తెలిసింది. మేడ్చల్‌లో మా అట్టపెట్టెల కార్ఖానాలో పొద్దుటి షిఫ్టు అప్పుడే మొదలైంది. మిషన్ల హోరులో ఆమె కూతురి మాటలు సరిగా వినిపించక రెండుసార్లు చెప్పించుకున్నాను.

"అన్నా, అమ్మ లేదు. చాయ్ తాగి, ఎప్పటి తీరుగనే రోడ్డు దిక్కు మొకం వెట్టి అరుగు మీద కూసున్నది. నేను లోపట బియ్యం ఏరుతున్న. మల్లొచ్చి పిలిస్తే పలకలే. కూసున్నది కూసున్నట్టే ఉన్నది."

ఆమె నాకు రక్తసంబంధం కాదు. తొంభైల్లో గుండ్లపోచంపల్లిలో నేను అద్దెకు దిగిన గదికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. అందరూ పెద్దమ్మా అంటుంటే నేనూ అన్నాను. అంతే. ఆమె బడికి పోలేదు, పేరు తెచ్చే పనులేవీ చేయలేదు. కానీ కారును నిజంగా తోలడం నాకు నేర్పింది ఆమే. ఆమెకు కళ్లు కనిపించవని చెబితే వినేవాళ్లు నన్ను అదోలా చూస్తారు. అందుకే నోటితో చెప్పడం మానేసి ఇలా రాస్తున్నాను.

కళ్లలో నీటికాసుల జబ్బు వచ్చి నలభై దాటకముందే ఆమె చూపు పోయింది. అప్పటికే ఆమె చెవులు వేరే పనిలో ఆరితేరి ఉన్నాయి. ఆమె భర్త నాగపూర్ లైనులో లారీ డ్రైవరు. మా సందు చివర నుంచే పెద్ద రోడ్డు పోతుంది. వందల లారీలు పోయే ఆ రోడ్డు మీద ఆయన బండిని ఆమె గేరు చప్పుడును బట్టి పట్టుకునేది. గేరు మార్చేటప్పుడు ఆయన క్లచ్చు రెండుసార్లు తొక్కి, ఆ రెంటి మధ్య యాక్సిలరేటరును ఒక్క క్షణం తాకేవాడట. పాతకాలం డ్రైవర్లందరూ చేసేదే. కానీ ఆయన చేస్తే అది మనిషి గొంతు సవరించుకున్నట్టు వినిపించేదని ఆమె చెప్పేది. ఆ చప్పుడు వినగానే పొయ్యి వెలిగించేది. లారీ ఆపి, ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అన్నం ఉడికేది.

నేను ఆ సందులోకి రాకముందు, ఒక వానాకాలం, ఆయన మక్కజొన్నల లోడుతో బయల్దేరి తిరిగి రాలేదు. ఆదిలాబాద్ దాటాడని ఒక దాబా మనిషి చెప్పాడు. ఆపైన బండిని చూసినవాళ్లు లేరు. లారీ దొరకలేదు, మనిషి దొరకలేదు. బండి యజమాని వెతికించాడు, పోలీసులు రాసుకున్నారు. ఏళ్లు గడిచాయి. దినాలు చేయమని చుట్టాలు అన్నప్పుడల్లా పెద్దమ్మ ఒకటే మాట అనేది: "సచ్చిండని ఎవలన్న చూసిండ్రా?" పుస్తెలు అలాగే ఉంచుకుంది. ప్రతి సాయంత్రం అరుగు మీద కూర్చుని రోడ్డు వినేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను ఒక పిచ్చిపని చేశాను. పేట్ బషీరాబాద్‌లో దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర పాత జపాను కారు కొన్నాను. రెండే సీట్లు, నేలకు అంటుకున్నట్టుండే ఎర్ర కారు. దాన్ని సందులోకి తెచ్చిన రోజు పెద్దమ్మ అరుగు దిగి వచ్చి, వేడి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

"ఏందిది కొడుకా, మోకాళ్ల కాడికే ఉన్నది."

"జోరుగ ఉరికే కారు పెద్దమ్మా."

"గందుకే గునుస్తాంది. గీ ఇరుకు సందుల దీన్ని యాడ ఉరికిస్తవ్?"

చెప్పాను. శామీర్‌పేట దాటాక పొలాల మధ్య పాత రన్‌వే ఒకటి ఉండేది. ఎప్పుడో యుద్ధకాలంలో వేసి వదిలేశారనేవారు. పగుళ్లలో గడ్డి మొలిచినా సిమెంటు గట్టిగానే ఉండేది. నెలకో ఆదివారం కార్ల పిచ్చివాళ్లం పదిమందిమి అనుమతి తీసుకుని అక్కడ చేరేవాళ్లం. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక సుబేదారు గారు స్టాప్‌వాచ్ పట్టుకుని అంతా నడిపించేవారు. రన్‌వే మీద నేరుగా వెళ్లి, చివర టైర్ల గుట్ట చుట్టూ తిరిగి, పక్కనున్న సన్నదారిలో మూడు మలుపులు దాటి మొదటికి రావాలి. ఆయన మొదటి నియమం, ఒకేసారి ఒక్క బండే తిరగాలి. ఒకటి వచ్చి ఆగాకే ఇంకొకదాన్ని వదిలేవారు.

"నన్ను తీస్కపో" అంది పెద్దమ్మ.

తీసుకెళ్లాను. చిలకపచ్చ చీర కుచ్చిళ్లు ఒడిలోకి లాక్కుని, ఒళ్లో మజ్జిగ గిన్నె పట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఎక్కడున్నామో తనే చెప్పింది. రైలు పట్టాలు దాటాం, మామిడి తోటలు వచ్చాయి, చెరువు దిక్కు గాలి తగులుతోంది. ఒక్కటీ తప్పలేదు. అక్కడ షామియానా కింద కుర్చీ వేసి సుబేదారు గారి పక్కన కూర్చోబెట్టాం. కుర్రకారు ఆమెను చూసి నవ్వుకున్నారు. నాకు కొంచెం సిగ్గేసింది కూడా.

మూడు చుట్లు తిరిగి వచ్చి హెల్మెట్ తీశాను. ఆమె మజ్జిగ గ్లాసు అందించి అంది, "నడిమి మలుపు కాడ బెదురుతున్నవ్. ఒకపాలి కాలు లేపి, మల్ల తొక్కి, మల్ల లేపుతున్నవ్. బండికి నువ్వేం జెప్తున్నవో దానికి సమజయితలేదు."

నేను అక్కడ భయపడుతున్న మాట నిజమే. ఎవరికీ తెలియదనుకున్నాను.

"మరెట్ల జెయ్యాలె?"

"కాలు లేపుడు తప్పు గాదు. లేపినంక పరేషాన్ అయ్యుడు తప్పు. ఒక్కపాలి లేపు, ఇగ నమ్ము."

తర్వాతి చుట్టులో అలాగే చేశాను. సుబేదారు గారు స్టాప్‌వాచ్ చూసి, చెవికి పెట్టుకుని ఊపి, మళ్లీ చూశారు. ఆ రోజు నుంచి నవ్విన కుర్రాళ్లే ఆమె కుర్చీ ముందు వరుస కట్టారు. ఎవరి బండి ఏ మలుపులో ఏమంటోందో ఆమె చెప్పేది. నచ్చనివాళ్లకు చెప్పేది కాదు. హారన్ కొట్టేవాళ్లు ఆమెకు నచ్చరు.

మిగతావాళ్లు బండ్లకు పెద్ద సైలెన్సర్లు, వెనక రెక్కలు, ఏవేవో బిగించుకున్నారు. నాకూ మోజు పుట్టింది. "గొంతు మారుస్తవా?" అంది ఆమె. "గొంతు మారిస్తే నిన్ను నేను ఎట్ల గుర్తువట్టాలె?" అందుకే నా కారు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో చివరిదాకా అలాగే ఉంది.

ఆ చలికాలం మొదట్లో ఒకరోజు ఆమె సుబేదారు గారిని అడిగింది, "సారూ, గా లారీని ఎందుకు తిరగనిస్తున్నరు? పోరగాళ్లకు అడ్డం రాదా?"

"లారీ ఏడున్నదమ్మా?"

"నీలగిరి చెట్ల ఎనుక. లోడు మీదున్నది."

ఆయన లేచి చూశారు. చెట్ల వెనక బీడు తప్ప ఏమీ లేదు. దారి కూడా లేదు. దూరంగా పెద్ద రోడ్డు చప్పుడు గాలికి వస్తోందేమోనని అన్నారు. ఇంటికి వస్తుంటే మాత్రం ఆమె మెల్లగా అంది, "నడుమ గొంతు సవరిస్తాంది కొడుకా." కారు అద్దం పైకి ఎత్తుకున్నాను.

మరుసటి నెల అది చెట్లు దాటిందంది. ఆ పై నెల రన్‌వే చివర, టైర్ల గుట్ట దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉందంది. ఆ చెప్పడంలో భయం లేదు, సంబరమూ లేదు. వాన వచ్చేట్టుందని చెప్పినట్టు చెప్పేది. విన్నవాళ్లు మాత్రం అటు చూడటం మానేశారు. ఒకరిద్దరు రావడమే మానేశారు. టైర్ల గుట్ట చుట్టూ తిరిగేటప్పుడు నాకు తెలియకుండానే నేను కొంచెం దూరంగా తిరగడం మొదలుపెట్టాను. అక్కడ నిజంగా ఏదో నిలబడి ఉన్నట్టు, దానికి తగలకూడదన్నట్టు.

ఆ తర్వాతి నెల, పొగమంచు ఇంకా విడవలేదు. నా వంతు వచ్చింది. అంతకుముందు నెల నాకంటే ఒకే ఒక్కడు ముందున్నాడు, వాణ్ని దాటాలని నా పట్టుదల. ఇంజను స్టార్ట్ చేసి కూర్చున్నాను. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, నా ఇంజను చప్పుడును పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇయ్యాల్ల పోకు కొడుకా. అది బయలెల్లింది. ఎదురొస్తాంది."

అందరూ చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. "పెద్దమ్మా, ఈడ లారీ లేదు."

"లేదని నాకెరుక. లేనిదే వస్తాంది."

నేను వినలేదు. నా చెయ్యి మీదున్న ఆమె చేతిని తీసి పక్కన పెట్టాను. చల్లగా ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పని చేసినందుకు నాకు బాధగానే ఉంది.

మొదటి చుట్టు బాగా వచ్చింది. రెండో చుట్టులో రన్‌వే మీద నేరుగా వెళుతూ నాలుగో గేరు వేశాను. కిటికీలు దించి ఉంచాలన్నది సుబేదారు గారి ఇంకో నియమం. అప్పుడు విన్నాను. నా ఇంజను కాదు. ఎదురుగా, మంచులో, బరువైన బండి గేరు మారుస్తున్న చప్పుడు. దాని మధ్యలో ఒక చిన్న సవరింపు, మనిషి మాట్లాడబోయే ముందు చేసినట్టు. నేనేమీ ఆలోచించలేదు. కాలు లేపాను, ఎడమకు తిప్పాను, గడ్డిలోకి దిగి ఆగిపోయాను. స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాను. ఏ బండీ పోలేదు. మంచు కొంచెం కదిలి మళ్లీ మూసుకుంది.

సుబేదారు గారు జెండా పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కారు ఎందుకు ఆపానని ఆయన అడుగుతుంటే, కుడి ముందు చక్రం నెమ్మదిగా బయటికి వాలిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే కీలు అరిగిపోయి గూడులోంచి జారింది. పాత కారు, నేను చూసుకోలేదు. ఆ వేగంతో ఇంకొంచెం ముందుకు పోయి, రన్‌వే చివర బ్రేకు తొక్కి ఉంటే కారు పల్టీ కొట్టేదే.

వెనక్కి చూస్తే షామియానాలో కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దమ్మ రన్‌వే మధ్యలో, మంచులో, నడిచి వస్తోంది. పక్కకు ఒక్క అడుగు కూడా తప్పకుండా వెలిసిపోయిన నడిమి తెల్లగీత మీదే నడుస్తోంది. నన్ను దాటి ఇంకా ముందుకు పోతుంటే పరుగెత్తి పట్టుకున్నాను.

"పిలగానికి తాకిచ్చకు అని చెప్పిన" అంది. నాతో కాదు.

సుబేదారు గారు తెలివైన మనిషి. నా చక్రం కొట్టుకుంటున్న చప్పుడే ఆమె చెవిన పడిందని, దాన్నే లారీ అనుకుందని అందరికీ సర్దిచెప్పారు. సుబేదారు గారి జీపులో ఇంటికి వస్తూ ఆమెను అదే అడిగాను.

"గాదు" అంది. "నీ బండి సక్కగనే ఇనొచ్చింది. నాకేం తెల్వలే."

శామీర్‌పేట చెరువు దగ్గర జీపు ఆపించి, కిందికి దిగి మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ అంది, "మనిషి బతికుంటే పెద్ద రోడ్డు మీద ఇనొచ్చేటోడు. లారీ పోలేని జాగల ఎందుకు ఇనొస్తడు? ఇగ తెలిసింది కొడుకా. బిడ్డకు చెప్పాలె."

ఆ నెలలోనే ఆయన దేహానికి బదులు దర్భలతో బొమ్మ చేయించి, ఆగిపోయిన దినాలన్నీ చేయించింది. పుస్తెలు తనే తీసి కూతురి చేతికిచ్చింది. బొట్టు తీయబోయిన ముసలామెను మాత్రం ఆపింది. "ఇది పుట్టినప్పటిసంది ఉన్నది. ఆయన తెచ్చింది గాదు." సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మానలేదు. కానీ ఇప్పుడు కూరగాయలు తరుగుతూ, పిల్లల్ని పలకరిస్తూ కూర్చునేది.

కీలు కొత్తది వేయించి నేను ఇంకో మూడేళ్లు తిరిగాను. ఆమె ఎప్పుడూ రాలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆ రన్‌వే ఎవరిదో అయింది, చుట్టూ గోడ కడతారన్నారు. ఆ మాట చెప్పిన రోజున ఆమె, "ఒక్కపాలి తీస్కపో. నడుస్త" అంది.

ఎండాకాలం మధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. చెప్పులు విప్పి, నా మోచెయ్యి పట్టుకుని సిమెంటు మీద నడిచింది. కాళ్లు కాలుతున్నా ఆగలేదు. కూతురి కొడుకు చదువు గురించి చెబుతోంది. సగం దూరం వెళ్లాక మాట మధ్యలో ఆపేసింది. తల కొంచెం పక్కకు వంచింది. అంతలో నన్ను అంచుకు లాగింది. ఆ ముసలి చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలియదు.

"జరుగు. లోడు మీదున్నడు, తొవ్వియ్యాలె."

అంచున నిలబడ్డాం. రోడ్డు పక్క నిలబడి పెద్ద బండికి దారి ఇచ్చే ఆడవాళ్లలా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేనూ చెవులు రిక్కించాను. ఏమీ వినిపించలేదు. గాలి లేదు. సిమెంటు పగుళ్లలోని ఎండుగడ్డి మాత్రం, మా కాళ్ల దగ్గర మొదలుపెట్టి, ఒక వరుస తర్వాత ఒక వరుస, రన్‌వే చివరిదాకా వంగుతూ పోయింది.