కొటేషన్ల మధ్య అయిదు

మొన్న మా అక్క కూతురు ల్యాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాం రాసుకుంటూ ఒక అంకెను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టగానే దాని కింద ఎర్రగీత పడింది. ఆ పిల్ల గుర్తులు చెరిపేసి తన పని తాను చూసుకుంది కానీ, నేను మాత్రం చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలా హెచ్చరించేవి లేవు. బ్రాడీపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో నా తొలి ఉద్యోగం, ప్రమాదకరమైన ఫలితాల మీద 'అర్జెంట్' అని పడేలా కంప్యూటర్‌కు నియమాలు రాయడం. ఆ నియమాల భాషలో మాటలకు కొటేషన్లు పెట్టాలి, అంకెలకు పెట్టకూడదు. మూత్రపిండాల పరీక్షలో అంకె అయిదు దాటితే అర్జెంట్ అని రాస్తూ, చేతి అలవాటులో అయిదుకూ కొటేషన్లు పెట్టేశాను. అలా పెడితే అది అంకె కాదు, అక్షరం. నిఘంటువులో మాటలు పేర్చినట్టు కంప్యూటర్ మొదటి అక్షరాన్నే చూస్తుంది గనక, ఒకటితో మొదలయ్యే పన్నెండు అయిదు కన్నా చిన్నదైపోతుంది. నేను ఆరు, ఏడు, ఎనిమిది వేసి చూశాను. అన్నీ సరిగ్గానే పడ్డాయి.

ఆ వారంలోనే దర్శి నుంచి మా చిన్నమ్మ వచ్చింది. అమ్మ పోయాక మిరపకోతలకు పోయి నన్ను చదివించిన మనిషి. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మా ల్యాబులోనే రక్తం తీయించి, సాయంత్రం రిపోర్టు నేనే చేతికిచ్చాను; పైన అర్జెంట్ లేదు, లోపలున్న పన్నెండు నేను చూడలేదు. కంగారేం లేదన్నాను.

"స్తోత్రం. అయితే కోతలయ్యాక చూపిచ్చుకుంటాలే తల్లీ" అని బస్సెక్కింది.

నాలుగో రోజున, పాత రిపోర్టులు తిరగేసే అలవాటున్న మా ల్యాబు పెద్దాయన, నేను బాబాయ్ అని పిలిచే ఆయన, "ఏమ్మా, ఈ పన్నెండుకి అర్జెంట్ పడలేదేంటి?" అన్నారు. పేరు చదివాను. ముందు నియమం సరిచేశాను. ఆ తర్వాతే ఊరికి ఫోన్ చేశాను. అప్పటికే ఆమె చేలో పడిపోతే ఆసుపత్రికి మోసుకుపోయారట.

నాలుగు రోజుల్లో పెద్ద తేడా ఉండదని డాక్టరు గారన్నారు. డయాలసిస్ మీద రెండేళ్లు బతికింది. ఒకరోజు మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. కళ్లు మూసుకునే విని, "ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, చలేస్తంది" అంది. తగ్గించాను. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు, ఆమె పోయినప్పుడూ రాలేదు.

ఇప్పుడు రిపోర్టులు ఫోన్‌కే వచ్చేస్తున్నాయి. వాటిని తిరగేసే బాబాయిలు ఏ ల్యాబులోనూ ఉన్నట్టు లేరు. నాకొచ్చే వాటిలో ప్రతి అంకెనూ రెండుసార్లు చదువుతాను. చదివింది నా ఒంటి గురించేనని మాత్రం ఎప్పుడూ అనిపించదు.