ఈకల గాలం

వై టూ కే హడావుడి ముగిసి, చేతినిండా కొత్త ప్రాజెక్టులున్న రోజులవి. ఒక మధ్యాహ్నం సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆఫీసు వెనక పచ్చికలో, మా చైనీస్ టీమ్ లీడ్ పొడుగాటి కర్రతో గాలిలోకి దారం విసురుతూ కనిపించాడు. సెలవుల్లో న్యూజీలాండ్ వెళ్ళి అక్కడి సరస్సులో ట్రౌట్ చేపలు పట్టడానికి సాధనట. దారం కొసన కట్టింది చిన్న ఈక. దానికి బరువే లేదు. మరి అంత దూరం ఎలా పోతోంది? బరువంతా దారంలోనే ఉందనీ, వెనక్కి విసిరాక అది పూర్తిగా తిన్నగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలనీ చెప్పాడు. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

శనివారానికల్లా నేనూ అలాంటి గాలపు కర్ర, ఫ్లై రాడ్ అంటారు, ఒకటి కొనేశాను. మేం శాకాహారులం. చేపల కొట్టు కనిపిస్తే రోడ్డు దాటి అవతలివైపు నడిచే వంశం మాది. మా ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, వండేదెవరని అడిగింది. పట్టడానికి కాదు, విసరడానికి అన్నాను. అలాంటప్పుడు ఈక కింద ఉన్న కొక్కేన్ని తుంచేస్తే సరిపోయేది. ఇంత ప్రోగ్రామర్‌కీ ఆ ముక్క తట్టలేదు.

ఆదివారం మేముండే సెంబవాంగ్ నుంచి బస్సెక్కి సెలెటార్ రిజర్వాయర్‌కి వెళ్ళాం. తను పులిహోర డబ్బాతో చెట్టు నీడన కూర్చుంది. దారం మొదట నా చెవికి, ఆపైన పొదకు చుట్టుకుంది. తను పడీపడీ నవ్వింది. వెనక్కి విసిరాక ఆగడం నాకు ఒంటబట్టడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఒకసారి, వెనకాల దారం తిన్నగా సాగిన లాగుడు చేతికి తెలిసింది. ముందుకు విసిరాను. ఈక వెళ్ళి నీళ్ళమీద మెత్తగా వాలింది. ఆనందంతో ఒళ్ళు తెలియలేదు.

అంతలో రాడ్ వంగింది. కంగారుగా ఒడ్డుకు లాగేశాను. పసుపుపచ్చని చేప, ఒంటిమీద నల్లచారలు. గడ్డిలో పడి నోరు తెరుస్తోంది, మూస్తోంది. కొక్కెం తియ్యాలంటే ముట్టుకోవాలి. ముట్టుకోకపోతే చచ్చిపోతుంది. అంతా తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. నాకు భయమేసింది.

మా ఆవిడ పరుగున వచ్చింది. చున్నీ నడుముకు బిగించి, చేతులు తడుపుకుని, కాల్లో ముల్లు తీసినట్టు కొక్కెం తీసేసింది. నీళ్ళలో పెడితే చేప పక్కకు ఒరిగిపోయింది. తను ఒడ్డున మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని నిటారుగా పట్టుకుంది. నేను మొహం తిప్పుకున్నాను.

"ఊపిరి తీసుకుంటోందండీ. వెళ్ళిపోయేలోపు ఒక్కసారి ముట్టుకుని చూడండి" అంది.

పక్కన కూర్చుని వేలు ఆనించాను. జిగటగా ఉంటుందనుకున్నాను. నున్నగా, గట్టిగా ఉంది. మొప్పలు తెరుచుకున్నప్పుడల్లా ఒళ్ళంతా చిన్నగా కదులుతోంది. తను పట్టు వదిలింది. అది కాసేపు మా వేళ్ళ మధ్యనే ఉండి, ఒక్కసారి తోక ఝాడించి వెళ్ళిపోయింది.

ఇద్దరం అటే చూస్తూ ఉండిపోయాం. చేప గురించి అప్పటిదాకా నాకు తెలిసిందల్లా, దాన్ని మేం తినం అన్న సంగతొక్కటే.