ఐదు కాదు, పద్నాలుగు

మదనపల్లె బజారులో మాది పాత్రల అంగడి. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ చెప్పేది. కూరగాయలామె నన్ను దూరం నుంచి చూస్తేనే కొత్తిమీర కట్టలు గంప కింద దాచేసేదట, కొసరు అడుగుతానని. అట్లాంటి నేను, రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, కుప్పంలో ఒక పాత కారు కొన్నాను.

బేరం గంటన్నర నడిచింది. టైర్లు అరిగినాయన్నాను. సీటు కవరు చిరిగిందన్నాను. వెనక డోరు మీద గీత చూపించి, అది మేకు గీతనా గేటు గీతనా అని ఆరా తీశాను. అమ్మే ఆయన చెమట తుడుచుకుంటూ దిగి దిగి వచ్చి, "నీకు అమ్మేదానికంటే ఊరికే ఇచ్చేది మేలప్పా" అన్నాడు. ఆ మాటకు మెడలో పూలదండ పడినట్టయింది నాకు. ఇంత పరీక్ష చేసినవాణ్ణి, ఇంజిన్‌ను మాత్రం పది నిమిషాలు ఆడించి చూడలేదు. గీత మీద ఉన్న ధ్యాస దాని మీద లేకపోయింది.

పలమనేరు దాటగానే స్పీడోమీటరు పక్కన పసుపు దీపం ఒకటి వెలిగింది. అందులోని బొమ్మ నా కంటికి కొళాయి మాదిరి కనపడింది. నీళ్లు అడుగుతోందేమోనని బండి ఆపి, రేడియేటరు పక్క డబ్బాలో అర సీసా పోశాను. దీపం ఆరలేదు. పుంగనూరు వచ్చేసరికి వెనక నల్లటి పొగ. మర్నాడు పొద్దున, చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్టు చేసినా ముందరి ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. పెట్రోలు సంగతి చెప్పక్కరలేదు.

మధ్యాహ్నానికి ఈ సంగతి బజారంతా పాకింది. ఎదురు బట్టలంగడాయన మెట్లు దిగి వచ్చి మరీ అడిగినాడు: "దీపావళికి ముందే దీపం తెచ్చుకున్నావంటనే?"

కుప్పం ఆయనకు ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడినాడు. "నచ్చకుంటే సోమవారం లోపల తెచ్చి ఈడ పెట్టప్పా. పదివేలు పట్టుకొని మిగతాది ఇచ్చేస్తా."

పదివేలు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ కారును మళ్లీ కుప్పం దాకా తోలుకుపోయి, డోరు మీద గీతకు గంటసేపు వాదించిన నోటితోనే "మోసపోయినానప్పా" అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత మా బజారులో ఎవరికైనా ఒక గ్లాసు ధర చెప్పే మొగం ఉంటుందా నాకు?

ఆదివారం బస్టాండు వెనక షెడ్డుకు తీసుకుపోయాను. మెకానిక్కు భాయ్ ముందే చెప్పేశాడు. "నాది కార్బొరేటర్ల మీద పడిన చెయ్యి సాబ్. ఈ బండ్లల్లో కంప్యూటర్ ఉంటాది. అయినా సూద్దాం."

డాష్‌బోర్డు కింద చిన్న సాకెట్టు ఉంది. అందులో రెండు రంధ్రాలను తీగముక్కతో కలిపి, నన్ను తాళం తిప్పమన్నాడు. నిలకడగా వెలిగే దీపం మెరవడం మొదలుపెట్టింది. బండికి ఏం జబ్బో ఆ మెరుపుల లెక్కలోనే ఉంటుందట. ఏ నంబరుకు ఏ జబ్బో రాసి ఉన్న జిరాక్సు కాగితం ఒకటి, బెంగళూరులో పనిచేసే భాయ్ తమ్ముడు ఎప్పుడో తెచ్చిచ్చినాడు. ఇద్దరం తలలు దూర్చి లెక్కపెట్టాం. ఐదు. మళ్లీ ఐదు. కాగితంలో నంబర్లు మొదలయ్యేదే పన్నెండుతో.

"ఐదు లేదు సాబ్. కంప్యూటర్ పెట్టెనే పోయింటాది. బెంగళూరు పోవాల" అన్నాడు భాయ్. నేను మనసులో కుప్పం దారి పట్టేశాను.

మా మేనమామ పుంగనూరు సంతలో పశువుల బ్రోకరు. ఆ రోజు మా ఇంటికొచ్చి, నేను షెడ్డులో ఉన్నానంటే అక్కడికే వచ్చి, పాత టైరు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. జీవితంలో స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు.

"ఎంతంటాండారు?" అన్నాడు.

"ఐదు మామా."

"కూడినారా?"

"ఒకటి మెరిసి, ఆగి, నాలుగు మెరిసింది. ఐదే కద."

"మా అక్క కడుపున ఎట్ల పుట్టినావురా అల్లుడా" అంటూ లేచి, భుజం మీది తువ్వాలు నా చేతి మీద కప్పినాడు. దాని కింద నా వేలు ఒకటి పట్టి నొక్కి, వదిలి, నాలుగు వేళ్లు కలిపి నొక్కినాడు. "ఎంత?"

సంతలో ధర పక్కవాడికి తెలియకుండా చెప్పుకునే పద్ధతి అది; చిన్నప్పుడు మామ వెంట తిరిగి నేర్చుకున్నదే. మొదటి పట్టు పదులు, వదిలి పట్టేది ఒకట్లు. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది: "పద్నాలుగు."

"మరి దానికి నోరు లేదు, ఏళ్లు లేవు. ఉండేదాంతోనే చెప్తాండాది. నువ్వు మద్దెలో ఆగేది ఇడిసిపెట్టి కూడితే దాని తప్పా?"

భాయ్ అప్పటికే కాగితం మీద వేలు పెట్టినాడు. పద్నాలుగు: ఇంజిన్ నీళ్ల వేడి చూసే సెన్సార్. దాని తీగ పట్టుకొని లాగి చూస్తే, పై తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. ఇంజిన్ కాగుతున్నా కంప్యూటరుకు ఆ కబురు అందక, చలికి వణుకుతోందనుకొని పెట్రోలు పోస్తూ పోయింది. ఎందుకైనా మంచిదని ఫ్యానూ తిప్పింది. తీగ అతికించి, పాత లెక్క మరిచిపోవడానికి బ్యాటరీ వైరు కాసేపు విప్పి పెట్టి, స్టార్టు చేస్తే దీపం ఆరిపోయింది. పొగ లేదు. కాసేపు తిప్పి తెచ్చి, భాయ్ మళ్లీ సాకెట్టులో తీగముక్క పెట్టినాడు. ఒకటి. ఆగి, రెండు.

"పన్నెండు" అన్నాడు మామ, టీ గ్లాసు కింద పెడుతూ.

కాగితంలో పన్నెండుకు ఎదురుగా ఉన్నది ఒకటే మాట: అంతా బాగుంది.

సాయంత్రం కుప్పం ఆయనే ఫోను చేసినాడు. "రేపు తెస్తాండావాప్పా?"

"లేదప్పా. ఉంచుకుంటాను."

ఆయన వెంటనే దిగి వచ్చినాడు. "పదివేలు వద్దులే. ఐదే పట్టుకుంటా."

తెగింది చిన్న తీగేనని ఆయనకు ముందే తెలుసని ఆ ఐదువేల తగ్గింపుతో నాకు అర్థమైంది. మామూలుగానైతే అక్కడి నుంచి ఇంకో అరగంట లాగేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బేరం మధ్యలో ఫోను పెట్టేశాను.

మర్నాడు మామను పుంగనూరులో దింపడానికి పోయాను. సంత దగ్గర, తోటి బ్రోకర్లు కూర్చున్న టీ అంగడి ముందు ఆపమన్నాడు. తాళం తిప్పించి, అందరినీ కిటికీలోంచి వంగి చూడమని, ముందురోజు భాయ్ దగ్గర విన్నది అప్పజెప్పినాడు. "తాళం తిప్పితే ఈ దీపం వెలగాల, ఇంజిన్ ఆడినాక ఆరాల. ఆరకుంటే రోగం. అసలు వెలగనే లేదనుకో, అమ్మేటోడు బల్బు పీకినాడని అర్థం, లేచి వచ్చేయాల." వాళ్లు ఎద్దు పళ్లు చూసినంత శ్రద్ధగా చూసి తలలూపినారు.

"ఈ కిటుకు నీకెవురు జెప్పిరి?" అన్నాడు ఒకాయన.

"మా అల్లుడు" అన్నాడు మామ. "బండి కొనేదాంట్లో వీణ్ణి కొట్టేటోడు లేడు."

నేను సీట్లో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.